ఆక్టేవియా ఆర్‌ఎస్‌లో ఎర్ర దీపం: ఆయిల్ ప్రెషర్ డైరీ

సెప్టెంబరు మొదటి వారం

కారు 2005 మోడల్ స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్. 1781 సీసీ, సిలిండరుకు ఐదు చొప్పున ఇరవై వాల్వులు, టర్బో, 150 హార్స్‌పవర్. చూడటానికి నాలుగు తలుపుల సెడాన్‌లా ఉన్నా టర్బో అందుకున్నాక అది పరిగెత్తే తీరు చూస్తే స్పోర్ట్స్ కారు అనడానికి నాకేమీ సందేహం లేదు. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. పాత సర్వీసు కాగితాలు సగమే ఉన్నాయి.

నాతవలస దగ్గర హైవే దిగి విజయనగరంలోకి వచ్చి, మయూరి జంక్షన్ దగ్గర ఆగాను. మీటర్లో ఆయిల్ డబ్బా గుర్తు ఎర్రగా వెలిగింది, వెంటనే బీప్ మోగింది. కారు పక్కకు తీసి ఇంజన్ ఆపేశాను. పది నిమిషాలాగి డిప్‌స్టిక్ చూస్తే ఆయిల్ రెండు గీతల మధ్య సరిగ్గానే ఉంది. మళ్ళీ స్టార్ట్ చేస్తే దీపం వెలగలేదు. అయినా నడపకుండా తాడు కట్టించి లాగించుకొచ్చాను.

ఇంటికి మూడు కిలోమీటర్లే కదా, మెల్లగా తీసుకొచ్చేస్తే పోయేది అని స్నేహితులు అన్నారు. ఎందుకు వద్దనుకున్నానో రాస్తాను. క్రాంక్ షాఫ్ట్ (పిస్టన్లు తిప్పే ప్రధాన ఇరుసు) బేరింగుల్లో లోహం మీద లోహం ఆనదు. షాఫ్ట్ తిరుగుతూ తన కింద తానే ఒక పల్చటి ఆయిల్ పొర తయారు చేసుకుని దాని మీద తేలుతుంది. పంపు చేసే పని ఆ పొరకు ఎప్పటికప్పుడు కొత్త ఆయిల్ అందించడం. అది అందకపోతే పొర క్షణాల్లో తెగిపోతుంది. ఇంజన్‌లోకి ఎక్కువ గాలి నెట్టే టర్బో పరిస్థితి ఇంకా సున్నితం. దాని షాఫ్ట్ నిమిషానికి లక్షకు పైగా తిరుగుతుంది, అదీ ఆయిల్ మీదే తేలుతుంది. ఎర్ర దీపంతో మూడు కిలోమీటర్లు నడిపి టర్బో, క్రాంకు రెండూ పోగొట్టుకోవడం కంటే తాడు ఖర్చు నయం.

మర్నాడు

మా మేస్త్రి గారు బానెట్ ఎత్తి చూశారు. "ముందు స్విచ్చి మార్చీద్దాం బాబూ. సగం బళ్ళకి అదే పోద్ది" అన్నారు. ఆయన అనుభవంతో చెప్పిన మాట అది. ఎర్ర దీపాన్ని వెలిగించే ఆయిల్ ప్రెషర్ స్విచ్ చవక, మార్చడం సులువు. కానీ ఈ స్విచ్ చెప్పేది అవునో కాదో, అంతే. సుమారు 1.4 బార్ (ప్రెషర్‌ని కొలిచే యూనిట్) దగ్గర మారుతుంది. ప్రెషర్ 1.3 ఉన్నా, 0.2 ఉన్నా మీటర్లో వెలిగేది అదే దీపం. స్విచ్ మార్చాక దీపం రాకపోతే, నిజంగా బాగుపడిందో లేక ఆ పూట ఇంజన్ వేడెక్కలేదో నాకు తెలియదు. ముందు గేజ్ పెట్టి కొలుద్దాం, తర్వాతే ఏదైనా విప్పుదాం అన్నాను. ఆయన ఒప్పుకున్నారు.

రెండో సలహా వాట్సాప్ గ్రూపులో చాలామంది ఇచ్చారు: ఇంకా చిక్కటి 20డబ్ల్యూ-50 ఆయిల్ పోసెయ్యి, దీపం ఆరిపోతుంది. ఆరిపోతుంది, నిజమే. దాని గురించి తర్వాత రాస్తాను, ఎందుకంటే ఈ డైరీ మొదలుపెట్టడానికి ఒక కారణం ఆ సలహానే.

గేజ్ బిగించడం

బజార్లో దొరికే మెకానికల్ ప్రెషర్ గేజ్‌కి 1/8 ఎన్‌పీటీ మర (అమెరికన్ పైపు మర) ఉంటుంది. ఈ ఇంజన్‌లో స్విచ్ కూర్చునే రంధ్రం ఎం10 × 1 (మెట్రిక్ మర). రెండూ చూడటానికి ఒకేలా ఉంటాయి, మొదటి ఒకటి రెండు చుట్లు ఎక్కుతాయి కూడా. ఎన్‌పీటీ మర కోనులాగా సన్నబడుతూ ఉంటుంది కాబట్టి బలవంతంగా తిప్పితే అల్యూమినియం హౌసింగ్ పగులుతుంది. ఈ పని చేయబోయేవాళ్ళు దయచేసి వెర్నియర్‌తో కొలవండి. నేను దాసన్నపేట వైపు ఒక లేత్ షాపులో ఇత్తడితో టీ అడాప్టర్ చేయించాను: ఒక వైపు ఎం10 × 1 మగ మర, రెండో వైపు పాత స్విచ్‌కి చోటు, మూడో వైపు గేజ్ పైపు. స్విచ్‌ని కూడా ఉంచడం అవసరం. దీపం వెలిగిన క్షణంలో గేజ్ ఎంత చూపిస్తోందో రెండూ కలిపి చూడాలి.

ఈ ఇంజన్‌లో ఒక సౌకర్యం ఉంది. ఆయిల్ ఫిల్టర్ హౌసింగ్ ముందు వైపు, రేడియేటర్ దగ్గర ఉంటుంది. టర్బో, సైలెన్సర్ వేడంతా వెనక వైపు. గేజ్ పైపు వేడికి తగలకుండా ముందు నుంచే అద్దం దగ్గరకు తీసుకొచ్చి టేపుతో కట్టాం.

గేజ్‌ని నమ్మవచ్చా? టైర్ల షాపు కంప్రెసర్‌కి తగిలించి 2 బార్, 4 బార్ దగ్గర వాళ్ళ గేజ్‌తో పోల్చాను. ముల్లు దాదాపు ఒకే చోట నిలబడింది. నాకు అది చాలు.

ఇక ఆయిల్ ఉష్ణోగ్రత. వర్క్‌షాప్ మాన్యువల్ ప్రెషర్ పరీక్షకి ఆయిల్ 80 డిగ్రీలు ఉండాలని షరతు పెడుతుంది. మీటర్లో నీళ్ళ ముల్లు 90కి వచ్చేసినా ఆయిల్ ఇంకా వెనకబడే ఉంటుంది. డిప్‌స్టిక్ తీసి, ఆ గొట్టంలోంచి మల్టీమీటర్ థర్మోకపుల్ తీగ ఆయిల్‌లోకి దింపాను.

కొలతలు

ఉదయం, ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు: స్టార్ట్ అయ్యాక దీపం ఆరడానికి మామూలు కంటే ఎక్కువసేపు పట్టింది. ముల్లు మెల్లగా లేచి 2.9 బార్ దగ్గర ఆగింది. చల్లటి, చిక్కటి ఆయిల్‌తో ఐడిలింగ్‌లో ఇంకా ఎక్కువ రావాలి. ఈ ఒక్క సంగతే నన్ను ఆలోచనలో పడేసింది.

80 డిగ్రీల దగ్గర ఐడిలింగ్‌లో 1.8. రెండు వేల ఆర్‌పీఎం దగ్గర 3.1. ఇంతవరకూ భయపడేదేమీ లేదు. మూడు వేల దగ్గర 3.6కి వెళ్ళింది. అక్కడే కాలు కదపకుండా నిలబెట్టాను. కాసేపటికి ముల్లు వణకడం మొదలైంది. 3.2, 2.9, 2.6. యాక్సిలరేటర్ వదిలేస్తే ఐడిలింగ్‌లో 1.1, ఎర్ర దీపం, బీప్. అంటే స్విచ్ అబద్ధం చెప్పడం లేదు. వెంటనే ఆపేశాను.

టీ తాగి వచ్చి మళ్ళీ స్టార్ట్ చేశాం. ఐడిలింగ్‌లో మళ్ళీ 1.8.

మేస్త్రి గారు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అన్నారు: "రేసిత్తే పెరగాలి గానీ తగ్గుతాదేటి? బేరింగులైతే ఇలగ చెయ్యవు."

ఈ కొలతలు ఏం చెబుతున్నాయి

ఇక్కడ కొంచెం వివరంగా రాయాలి. ఆయిల్ పంపు ప్రెషర్‌ని తయారు చేయదు. అది ప్రతి చుట్టుకీ ఇంత ఆయిల్ అని తోస్తుంది. ఆ ఆయిల్ బయటికి పోయే దారులు ఇరుకైనవి, అంటే బేరింగుల సందులు, టర్బో గొట్టం, హెడ్‌లోకి వెళ్ళే దారులు. ఆ ఇరుకు వల్ల పుట్టేదే మనకు గేజ్‌లో కనిపించే ప్రెషర్. మరీ ఎక్కువైతే రిలీఫ్ వాల్వు తెరుచుకుని మిగులు ఆయిల్‌ని వెనక్కి పంపేస్తుంది.

కాబట్టి ప్రెషర్ తగ్గడానికి దారులు కొన్నే. బేరింగులు అరిగితే సందు పెరుగుతుంది. ఆ సందులోంచి కారే ఆయిల్, సందు వెడల్పుకి ఘనం చొప్పున పెరుగుతుంది: సందు రెట్టింపైతే కారేది ఎనిమిది రెట్లు. కొత్త ఇంజన్‌లో ఆ సందు మిల్లీమీటరులో వందో వంతుల లెక్కలో ఉంటుంది కాబట్టి కంటికి కనపడని అరుగుదల కూడా గేజ్‌లో కనిపిస్తుంది. అయితే అలాంటి ఇంజన్ వేడి ఐడిలింగ్‌లో ఎప్పుడూ తక్కువే చూపిస్తుంది, ఆర్‌పీఎం పెంచితే పెరుగుతుంది, పది నిమిషాలు ఆపినంత మాత్రాన బాగుపడదు. రిలీఫ్ వాల్వు తెరుచుకుని ఇరుక్కుపోతే ప్రెషర్ ఒక మెట్టు దాటి పైకి వెళ్ళదు, చల్లగా ఉన్నా అంతే. ఆయిల్ పల్చబడితే, పెట్రోలు కలిసినా సరే, చల్లగా ఉన్నప్పుడు బాగానే ఉండి వేడెక్కాక అన్ని స్పీడుల్లోనూ సమానంగా తగ్గుతుంది.

నాకు వచ్చిన వరస వీటిలో దేనికీ సరిపోదు. చల్లగా ఉన్నప్పుడు ఆలస్యంగా లేస్తోంది. ఎక్కువ స్పీడులో నిలబెడితే పడిపోతోంది. ఆపి ఉంచితే కోలుకుంటోంది. ఇది పంపు తోసే వైపు కాదు, పీల్చే వైపు లోపం. కొబ్బరి బోండాంలో స్ట్రా పెట్టి గట్టిగా పీలిస్తే లేత కొబ్బరి పొర వచ్చి మూతికి అడ్డం పడుతుంది, వదిలితే జారిపోతుంది, మళ్ళీ కాసేపు నీళ్ళు వస్తాయి. ఇంజన్ కింద ఆయిల్ నిలవ ఉండే ఛాంబర్ అడుగున, పంపు పీల్చే పైపు మూతికి ఉన్న స్ట్రైనర్ జాలీకి అదే జరుగుతోందని నా అంచనా. స్పీడు పెరిగేకొద్దీ పంపు ఎక్కువ లాగుతుంది, చెత్త వచ్చి జాలీకి అతుక్కుంటుంది, ఆయిల్ బదులు గాలి బుడగలు వస్తాయి. ముల్లు వణికింది అందుకే.

ఇప్పుడు 20డబ్ల్యూ-50 సంగతి. ఆయిల్ గ్రేడులు నిర్ణయించే ఎస్‌ఏఈ సంస్థ లెక్క ప్రకారం 100 డిగ్రీల దగ్గర 40 గ్రేడు ఆయిల్ చిక్కదనం 12.5 నుంచి 16.3 సెంటీస్టోక్‌ల లోపు. 50 గ్రేడు 16.3 నుంచి 21.9 లోపు. చిక్కటి ఆయిల్ సందుల్లోంచి నెమ్మదిగా కారుతుంది కాబట్టి గేజ్ ఎక్కువ చూపిస్తుంది, దీపం ఆరుతుంది. కానీ బేరింగుకి అందే ఆయిల్ పెరగదు. నా కారులాగా జాలీ మూసుకుపోయి ఉంటే ఇంకా ప్రమాదం. 20డబ్ల్యూ ఆయిల్ పొద్దున్న చల్లగా ఉన్నప్పుడు 5డబ్ల్యూ కంటే చాలా చిక్కగా ఉంటుంది, ఆ జాలీలోంచి దాన్ని లాగడం పంపుకి మరీ కష్టం. టర్బోకి ఆయిల్ అందేలోపు ఎన్ని వేల చుట్లు పొడిగా తిరుగుతుందో ఊహించండి. దీపం మాత్రం ఆరిపోయి ఉంటుంది, యజమాని హాయిగా నడుపుతూ ఉంటాడు. నాకు బాధ కలిగేది ఇదే. ఇలా దీపం ఆర్పేసి అమ్మేసిన బళ్ళు ఎన్ని ఉంటాయో.

సెప్టెంబరు చివర: ఫిల్టర్ కోయడం

ఆయిల్ వేడిగా ఉన్నప్పుడే తీసేశాం. నల్లగా ఉంది, పెట్రోలు వాసన లేదు. ఫిల్టర్‌ని హ్యాక్‌సా బ్లేడుతో కోయకూడదు, రంపపు పొడి లోపల పడి మనం వెతికే సాక్ష్యాన్ని చెడగొడుతుంది. అంచు చుట్టూ మడత విప్పే కట్టర్‌తో తెరిచాం. లోపలి కాగితం మడతలు కత్తిరించి, వైస్‌లో నొక్కి ఆయిల్ పిండేసి, ఎండలో తెల్ల గుడ్డ మీద పరిచాను.

నల్లటి గట్టి రేణువులు చాలా ఉన్నాయి. వేళ్ళ మధ్య నలిపితే పొడి అయిపోతున్నాయి, అంటే కాలిపోయిన ఆయిల్ బొగ్గు. మాగ్నెట్‌కి సన్నటి నూగు కొద్దిగా అంటుకుంది, ఈ వయసు ఇంజన్‌కి అది మామూలే. బేరింగులు పోతే కనిపించే రాగి రంగు రేకులు లేవు, వెండిలా మెరిసే పెద్ద పొరలు లేవు. ఆ గుడ్డ చూశాక టెన్షన్ సగం తగ్గింది.

ఛాంబర్ దించడం

ఫ్లైవీల్ వైపు ఉండే రెండు బోల్టులకి పొడవాటి ఎక్స్‌టెన్షన్ లేకుండా చేయి అందదు. మిగతావి తేలిక. ఈ ఛాంబర్‌కి ప్యాకింగ్ ఉండదు, సిలికాన్ పేస్టుతోనే అంటిస్తారు. దాన్ని విడగొట్టడానికి స్క్రూడ్రైవర్ దూర్చితే అల్యూమినియం అంచు గాడి పడి జీవితాంతం ఆయిల్ కారుతుంది. మేస్త్రి గారు చెక్క ముక్క పెట్టి చుట్టూ మెల్లగా కొడుతూ దించారు. ఆ ఓపిక చూసి నేర్చుకోవాలి.

దించాక ఆయన మొదటి మాట: "జాలీ ఏటి బాబూ, ఇలగ మూసుకుపోనాది!"

జాలీలో సగానికి పైగా నల్లగా కప్పుకుపోయింది. బొగ్గు రేణువులతో పాటు అందులో నేను అనుకోనిది ఇంకొకటి దొరికింది: బూడిద రంగు సిలికాన్ పీచులు, చిన్న చిన్న వానపాముల్లా. ఎప్పుడో ఎవరో ఈ ఛాంబర్ ఒకసారి విప్పారు, బిగించేటప్పుడు పేస్టు ధారాళంగా రాశారు. బయటికి వచ్చినది తుడిచేశారు. లోపలికి వచ్చినది ఊడి ఆయిల్‌లో పడింది. "ఎవులు పెట్టీసారు ఇంత గమ్ము?" అని మేస్త్రి గారు చాలా నొచ్చుకున్నారు. మాన్యువల్‌లో దీనికి స్పష్టమైన హెచ్చరిక ఉంది. పేస్టు గీత 2 నుంచి 3 మిల్లీమీటర్లు దాటకూడదు, దాటితే మిగులు లోపల పడి స్ట్రైనర్‌ని మూసేస్తుందని.

బొగ్గు ఎక్కడి నుంచి వచ్చింది? టర్బో వేడికి దాని చుట్టూ ఉన్న ఆయిల్ కాలుతుంది. మంచి సింథటిక్ ఆయిల్‌ని వేళకు మారిస్తే ఆ వేడిని తట్టుకుంటుంది. చవక ఆయిల్ పోసి, మార్చాల్సిన దూరం దాటించి నడిపితే ఇలా పేరుకుంటుంది. దానికి తోడు క్రాంక్‌కేస్ ఆవిరి బయటికి వెళ్ళే బ్రీదర్ గొట్టాలు బిరుసెక్కి, ఒకటి లోపలికి నొక్కుకుపోయి ఉంది. గంటస్తంభం దాకా వెళ్ళి వచ్చే చిన్న చిన్న ప్రయాణాల్లో ఆయిల్ పూర్తిగా వేడెక్కదు, తేమ బయటికి పోదు. ఆ తేమకి ఈ గొట్టాలు కూడా మూసుకుంటే అడుగున బురద తయారవడం ఖాయం.

పంపు ఈ ఇంజన్‌లో క్రాంకు నుంచి చిన్న గొలుసుతో తిరుగుతుంది. మూత తీసి చూశాం, పళ్ళ మీద సన్నటి గీతలు తప్ప ఏమీ లేదు. రిలీఫ్ వాల్వు పిస్టన్ వేలితో నొక్కితే నున్నగా కదిలింది. పంపు మార్చలేదు. ఒక కనెక్టింగ్ రాడ్ క్యాప్ మాత్రం విప్పించాను. దాని బోల్టులు ఒకసారి విప్పితే కొత్తవే వేయాలి కాబట్టి ముందే తెప్పించి పెట్టుకున్నాను. బేరింగు మీద సన్నటి గీతలు ఉన్నాయి, పొర మాత్రం నిలిచే ఉంది. ప్లాస్టిగేజ్ (బేరింగు సందు కొలిచే మెత్తటి ప్లాస్టిక్ పోగు) కొలత పరిమితి లోపలే వచ్చింది.

జాలీని పెట్రోలుతో కడిగేస్తే సరిపోతుందని మేస్త్రి గారు, జాలీతో సహా కొత్త పికప్ పైపు (ఆయిల్ పీల్చే పైపు) కావాలని నేను. ఆ జాలీ రేకు మడతల లోపల ఇరుక్కున్న సిలికాన్ పీచు ఏ గాలి కంప్రెసర్‌కీ రాదని నా నమ్మకం. ఆ పైపు అతుకు దగ్గర ఉండే రబ్బరు ఓ-రింగ్ కూడా చదునుగా, గట్టిగా అయిపోయింది. అక్కడి నుంచి గాలి లాగితే జాలీ కొత్తదైనా లాభం లేదు. పికప్ పైపు, ఓ-రింగ్, బ్రీదర్ గొట్టాలు ఆర్డర్ పెట్టాను.

అక్టోబరు

పైపు, ఓ-రింగ్ వచ్చేసరికి దసరా దాటింది. తర్వాతి మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను. మూడు లాంతర్ల నుంచి కోట దాకా జనమే జనం. షెడ్డు మూసి ఉంది, మేస్త్రి గారి కుటుంబమంతా అమ్మవారి దర్శనానికి వెళ్ళారు, మేమూ వెళ్ళాం. పని మళ్ళీ గురువారం మొదలైంది.

ఛాంబర్‌ని కిరోసిన్‌తో కడిగి, అంచు మీద పాత పేస్టుని ప్లాస్టిక్ గరిటెతో గీకి, పొడి గుడ్డతో తుడిచాం. ట్యూబు మూతిని చిన్నగా కోసి, బోల్టు రంధ్రాలకి లోపలి వైపుగా సన్నటి గీత గీశాం. పేస్టు రాశాక ఐదు నిమిషాల్లో బిగించేయాలి. బోల్టులన్నీ ఒకేసారి కాకుండా ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించాం. అరగంట ఆగి 5డబ్ల్యూ-40 ఫుల్లీ సింథటిక్, ఫిల్టర్‌తో కలిపి సుమారు నాలుగున్నర లీటర్లు పోశాం. ఆ ఆయిల్ డబ్బా మీద వీడబ్ల్యూ 502 00 (వోక్స్‌వ్యాగన్ ఆయిల్ ప్రమాణం) అని ఉందో లేదో చూసే కొన్నాను.

ఇంజన్ ఫ్లష్ పోయమని ఒకరిద్దరు అన్నారు, నేను ఒప్పుకోలేదు. అది ఉన్న బురదనంతా ఒక్కసారిగా కరిగించి వదులుతుంది. ఆ ముక్కలన్నీ చేరేది కొత్త జాలీ దగ్గరికే. దానికి బదులు తక్కువ దూరాలకే ఆయిల్ మార్చుకుంటూ వెళ్తాను.

ఈ ఇంజన్‌లో ఫిల్టర్ నోరు పైకి ఉండేలా వేలాడుతుంది కాబట్టి ముందే ఆయిల్ నింపి ఎక్కించాం. ఇంజన్ స్టార్ట్ కాకుండా కాయిల్, ఇంజెక్టర్ల వైరు ప్లగ్గులు తీసేసి, గేజ్ ముల్లు కదిలేదాకా స్టార్టర్‌తో విడతలు విడతలుగా తిప్పాం. టర్బో ఉన్న ఏ ఇంజన్‌కైనా ఈ ఒక్క పని మానొద్దు. ముల్లు 1 దాటాక ప్లగ్గులు పెట్టి స్టార్ట్ చేశాం.

చల్లగా ఐడిలింగ్‌లో 4.6, దీపం వెంటనే ఆరింది. 80 డిగ్రీల దగ్గర ఐడిలింగ్‌లో 1.9. రెండు వేల దగ్గర 3.4. మూడు వేల దగ్గర 4.1, అక్కడే నిలబెడితే ముల్లు కదల్లేదు. వేడి ఐడిలింగ్ అంకె పాత దానికి 0.1 మాత్రమే ఎక్కువ. అది ఒక్కటే కొలిచి ఉంటే ఈ రోగం ఎవరికీ దొరికేది కాదు.

రోడ్డు మీద

గేజ్ అలాగే ఉంచి నాతవలస, పూసపాటిరేగ మీదుగా రణస్థలం దాకా హైవే మీద వెళ్ళి వచ్చాను. పక్క సీట్లో తమ్ముడు కూర్చుని ముల్లు చదివాడు. తిరిగొచ్చాక ఐడిలింగ్‌లో 1.7. ఆయిల్ అప్పటికి 80 కంటే వేడిగా ఉంది కాబట్టి ఆ తేడా సహజమే.

తర్వాత ఎస్.కోట దాటి అరకు ఘాట్. మలుపుల్లో ఆయిల్ ఛాంబర్‌లో ఒక పక్కకు ఒరుగుతుంది. లెవెల్ తక్కువున్నా, పికప్ పైపు గాలి లాగినా అక్కడే తెలుస్తుంది. అనంతగిరి దాకా ఒక్క మలుపులోనూ ముల్లు కిందికి ఊగలేదు.

ఇంజన్ గదిలో వేడి ఆయిల్‌తో నిండిన రబ్బరు పైపు శాశ్వతంగా ఉంచడం నాకు ఇష్టం లేదు. ఊడితే నిప్పు అంటుకోవచ్చు. గేజ్ పైపు తీసేసి, టీ అడాప్టర్ మూడో వైపు ఎలక్ట్రిక్ సెండర్ (ప్రెషర్‌ని వైరు ద్వారా మీటర్‌కి చెప్పేది) బిగించాను. దాని మీటర్ స్టీరింగ్ పక్కన పెట్టాను.

వెయ్యి కిలోమీటర్లకి ఆయిల్, ఫిల్టర్ మార్చి, ఆ ఫిల్టర్ కూడా కోసి చూశాను. బొగ్గు రేణువులు ఉన్నాయి, మొదటిసారి కంటే చాలా తక్కువ. ఒక చిన్న సిలికాన్ పీచు దొరికింది, లోపల ఎక్కడో మిగిలిపోయి ఉంటుంది. తర్వాతి మార్పు మూడు వేలకి, ఆ పైన ప్రతి ఐదు వేలకి. బ్రీదర్ గొట్టాల్లో ఒకటి ఇంకా రాలేదు. అది వచ్చాక వాల్వు కవర్ కింద ఎంత పేరుకుందో విప్పి చూసి రాస్తాను.